పోలయ్య కారు, తనిఖీ నివేదిక

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మోటారు వాహనాల తనిఖీ అధికారిగా బదిలీ చేశారు. జనం మమ్మల్ని బ్రేకిన్‌స్పెక్టర్లంటారు. బళ్ల బ్రేకులు చూసేది కాసేపే, పనులకి బ్రేకులు వేసేది రోజంతా. అందుకే ఆ పేరు మీద నాకెప్పుడూ అభ్యంతరం లేదు.

చేరిన నెలలోనే పోలీసులు నంబరు ప్లేటు లేని కారొకటి పట్టుకుని స్టేషన్లో పెట్టారు. సముద్రపొడ్డున వేట చేసుకునే పోలయ్య దాన్ని ఇంట్లోనే కట్టాడు. పాత జీపు ఇంజను, ఏదో వ్యాను తలుపులు, పడవకి వాడే ఫైబరుతో పైకప్పు. ఎందుకు కట్టాడంటే అతని భార్య నూకాలమ్మ జవాబు చెప్పింది.

"బస్సెక్కితే తట్ట దించీమంటారు బాబూ. ఆటోవోడు కంపుకి వేరే చార్జీ అడుగుతాడు. మరి సేప సంతకెలాగెల్తాది, సెప్పండి?"

పోలయ్య రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెడితే నేను తనిఖీకి వెళ్లాను. తనిఖీలో మొదటి పని బండి చట్రం మీదుండే ఛాసిస్ నంబరు మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం. నంబరైతే చక్కగా చెక్కి ఉంది. తీరా చూస్తే అది పోలయ్య పడవ నంబరు. పడవా తనే కట్టాడట. ఫిషరీసు వాళ్లొచ్చి కొలుచుకుని నంబరిచ్చారట. ఇదీ తనే కట్టాడు, రెండూ ఒక ఇంటివే, ఇంకో నంబరు దేనికని అతని వాదన.

బ్రేకులు మా ఆఫీసు జీపు కన్నా బాగా పట్టాయి. కానీ అమ్మినవాడు అమ్మకపు పత్రం ఇవ్వాలి, తయారీదారు బండి రోడ్డుకి తగినదని రాసివ్వాలి. మా కంప్యూటర్లో తయారీదారుల జాబితా ఉంటుంది. అందులో పోలయ్య లేడు. చేరాలంటే కారుని పూణేలోని పరీక్షా కేంద్రానికి పంపాలి, అక్కడ గోడకి గుద్ది చూస్తారని వివరించాను.

నూకాలమ్మ అడిగింది, "గుద్దీసినాక ఇంక నంబరెందుకు బాబూ?"

చట్టంలో దీనికి సమాధానం వెతికాను, దొరకలేదు. దరఖాస్తు తిరస్కరిస్తూ, ఇంజను ఉన్నంతవరకు ఇది మోటారు వాహనమే కనక రిజిస్ట్రేషన్ లేనిదే రోడ్డెక్కరాదని ఉత్తర్వు రాశాను. వాక్యం గంభీరంగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఆమె దాన్ని ఎవరిచేతో రెండుసార్లు చదివించుకుందట. మర్నాడు పోలయ్య స్టేషను ఆవరణలోనే ఇంజను విప్పేశాడు. ఇక ఆపడానికి కారణం లేక పోలీసులు మిగతాది వదిలేశారు. ఆ వారం సంతకి కారు రెండెద్దులతో వచ్చింది. ముందు మూత కింద, ఇంజనుండే చోట, ఐసులో వంజరం చేపలు.

పోలీసులు నాకు ఫోన్ చేశారు. చట్టం తిరగేశాను. యంత్రశక్తితో నడిచేదే మోటారు వాహనం. ఎద్దులు నా పరిధిలోకి రావని చెప్పాను.

ఉత్తర్వులు రాసేవాళ్లం మళ్లీ చదవం. వాటితో బతకాల్సినవాళ్లు మాత్రం ప్రతి మాటా చదువుతారు. రిటైరయ్యేదాకా నేను నా ప్రతి ఉత్తర్వునీ నూకాలమ్మ చదువుతుందనుకునే సంతకం పెట్టాను.