పొందూరు నూలుతో ఓడ టిక్కెట్టు

నిన్న పక్కింటి అరుగు మీద ఎవరో పత్తి దువ్వుతున్నారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతుంటే సన్నగా గరగరమని చప్పుడు వస్తుంది. ఎండుచేప వాసనా పత్తిగింజ వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి. పొందూరులో పుట్టినవాళ్ళకు అది కొత్త కాదు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే సుందరమ్మ గారు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడను మీరెవరూ చూడలేదు కనుక చెబుతున్నాను. నేను చదివింది రెండో తరగతి. ఆవిడ గురించి నాకు జ్ఞాపకం లేనిది లేదు గాని, అర్థమైంది మాత్రం తక్కువ.

ఆవిడది విజయనగరంలో సంగీతం చెప్పుకునే కుటుంబం. మా ఊరి ఆడపిల్లల బడికి పంతులమ్మగా వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు ఆవిడకు సముద్రం అవతలి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. యుద్ధంలో ఇళ్ళు కూలిపోయిన ఆ దేశంలో పడుచువాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారట. మన పిల్ల ఒకతె వెళ్ళి అక్కడ ఆరు నెలలు ఉండాలి, వాళ్ళ పిల్ల ఒకతె వచ్చి ఇక్కడ ఆరు నెలలు ఉంటుంది. వచ్చిన పిల్లకు తిండీ నీడా ఆ ఊరివాళ్ళు చూడాలి, ఓడ ఖర్చు పంపేవాళ్ళది. నాకేమీ బోధపడలేదు.

"మనల్ని సూసి ఆల్లేటి సేసుకుంటారమ్మగారూ?" అని అడిగాను.

"నాకూ తెల్దే పైడీ. తెలిసిపోతే పంపీడమెందుకు?" అన్నారు. మాతో మాట్లాడేటప్పుడు ఆవిడ మా యాసలోకే దిగేవారు.

ఈ సంగతి విని మా అమ్మ హడలిపోయింది. మావైపు ఒక ఇంటికి పిల్లనిచ్చి, ఆ ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకోవడం ఉంది. దాన్ని కుండమార్పు పెళ్ళి అంటాం. అమ్మ ఇదీ అదేననుకుంది.

"ఓలమ్మో! ఆల కులమేటి, గోత్రమేటి? కుర్రోడు నల్లగుంటాడో తెల్లగుంటాడో సూడకుండా పిల్లనెలాగిచ్చీడం?"

సుందరమ్మ గారు నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "పెళ్ళి కాదమ్మా. ఆరు నెలలయ్యాక ఎవరి పిల్ల ఆల ఇంటికి వచ్చేస్తాది."

"ఆర్నెల్లు కూడెట్టి, పెళ్ళి సెయ్యకుండా పంపీడానికి ఆలకి పనీపాటా లేదేటి?" అంది అమ్మ.

ఓడ ఖర్చుకు చందా అడిగితే మా ఊళ్ళో ఎవరిస్తారు? అందుకని ఆవిడ నూలు అడిగారు. వారానికి ఇంటికొక చిలప, అంటే ఒక నూలు చుట్ట. దాన్ని నేయించి, బట్ట విజయనగరం షావుకారుకు పంపేవారు. సమంగా లేని నూలు మగ్గం మీద తెగిపోయేది. నా నూలు తెగేది కాదు. నా నూలుతో నేసిన పంచెకు మిగతా వాటికి రెండింతలు ధర పలికేది. "ఎల్లేది పైడే" అని వీధంతా అనుకుంది. సుందరమ్మ గారూ ఒకసారి నా తల నిమిరి, "నువ్వే ఎల్తావే" అన్నారు. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు వడికాను. ఆ దేశంలో మంచు పడుతుందని విని, ఎండలో కూర్చుని చలి ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని.

తీరా ఓడ కుదిరే వేళకు ఆవిడ మా ఇంటికి వచ్చి, నిలబడే చెప్పారు.

"నువ్వొద్దులేవే పైడీ. కమల ఎల్తాది."

కమల మా ఊరి గుడి సన్నాయి విద్వాంసుడి కూతురు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు.

"ఇంగిలీసు రాదనా?"

"కాదు. తిరుగు ఖర్చు ఇంకా కుదర్లేదు. నువ్వెల్లిపోతే నూలు ఆగిపోతాది. కమల ఎల్తే ఏమీ ఆగదు."

అది మెచ్చుకోలో, దగాయో నాకు తెలియలేదు. మూడు రోజులు రాట్నం ముట్టుకోలేదు. నాలుగో రోజు ఆవిడ వచ్చి నా రాట్నం ముందు కూర్చుని వడకడం మొదలుపెట్టారు. పోగు తెగుతోంది, అతుకుతున్నారు, మళ్ళీ తెగుతోంది. నేను చూడలేకపోయాను.

"లెగండమ్మగారూ, పత్తి పాడైపోతన్నాది" అన్నాను. ఆవిడ లేచారు. నేను కూర్చున్నాను. కమల వెళ్ళింది.

తరవాత అక్కడి పిల్ల వచ్చింది, ఎల్సా అని. వడకడం నేర్చుకోవడానికి రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. ఆ పిల్ల మాట మాకూ, మా మాట ఆ పిల్లకూ చెప్పేది సుందరమ్మ గారే. ఒకనాడు ఎల్సా నా నూలు చూసి ఏదో అడిగింది.

"ఇంత బాగా వడికేదానివి, నువ్వెందుకు రాలేదని అడుగుతన్నాది" అన్నారు సుందరమ్మ గారు.

నా నోరు ఆగలేదు. "నాకెల్లాలనే ఉండీది. నన్నాపీసింది ఈవిడే. నా సేతుల్తోటే నా దారి మూసీసింది. అలాగే సెప్పండి."

ఆవిడ ఎల్సా వైపు తిరిగారు. ఇంగ్లీషులో చాలాసేపు చెప్పారు. ఎల్సా నా వైపు చూడలేదు, ఆవిడ వైపు చూసింది. మొహం ఎర్రబడింది. అది కోపమో, జాలో! తెల్లవాళ్ళ మొహం ఎండకు కూడా ఎర్రబడుతుంది, నాకేం తెలుస్తుంది?

"ఏటి సెప్పారమ్మగారూ?"

"నువ్వన్నదే."

కమల తిరిగొచ్చింది, ఎల్సా వెళ్ళిపోయింది, సుందరమ్మ గారికి సాలూరు బదిలీ అయింది. మళ్ళీ ఆవిడను చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కొడుక్కీ కోడలికీ పొసగనప్పుడు ఇటు మాట అటు చేర్చేది నేనే. అందులో నన్ను తప్పుపట్టే మాటలూ ఉంటాయి. మింగేద్దామా అనిపిస్తుంది. మింగలేను. ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, తల వంచుకుని పనిలో పడతాను. ఇది ఆవిడను చూసి నేర్చుకున్నానో, లేక ఆ రోజు ఆవిడ నా మాట ఎల్సాకు ఉన్నది ఉన్నట్టు చెప్పలేదేమోనన్న అనుమానంతో పంతానికి పోయి చెబుతున్నానో, ఇంత వయసొచ్చినా తేల్చుకోలేకపోతున్నాను.