ఇరవైనాలుగు గుంటలు, ఇరవైయేడు పాళ్లు

కల్వకుర్తిలో ముస్లిం పెద్దలు నడిపే హైస్కూలు అది. అక్కడి లెక్కల సారు నందికొండ డ్యామ్ పనిలో చేరిపోతే, పరీక్షలకు మూడు నెలల ముందు నన్ను పిలిచారు. నాకు డిగ్రీ పట్టా లేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. దేన్నైనా రెండుసార్లు సరిచూసుకోనిదే అన్నం సహించదు నాకు.

తొమ్మిదో తరగతిలో ముప్పైయొక్కమంది. పాఠం ఉర్దూలో, నవ్వులూ వాదులాటలూ తెలుగులో. భిన్నాలంటే అందరికీ భయమే. వాళ్లలో ఒక టైలరు కూతురికైతే మరీను.

"సారూ, ఈసారి లెక్కల్ల పోతే బడి బంద్. ఇంట్ల నాతోని కుట్టుపని చేస్తది" అన్నాడు వాళ్ల నాయన. పక్కనే ఉన్న ఆ పిల్ల తల ఎత్తలేదు.

ఒకనాడు వరండాలో నడుస్తుంటే మౌల్వీ సాబ్ చెప్పే మతపాఠం వినబడింది. మనిషి చనిపోతే షరియత్ ప్రకారం ఆస్తిలో ఎవరి హిస్సా, అంటే వాటా, ఎంత అని అడుగుతున్నాడు. "భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు" అని అందరికంటే ముందు చెబుతున్నది ఎవరనుకున్నారు? ఆ టైలరు కూతురే! భిన్నాలు రావన్న పిల్ల నోట గడగడా భిన్నాలే! మర్నాటిదాకా ఆగడం కష్టమైంది నాకు.

తెల్లారి బోర్డుమీద రాశాను: భూమి ఇరవైనాలుగు గుంటలు. వారసులు భార్య, తల్లి, తండ్రి, ఇద్దరు కూతుళ్లు. ఎనిమిదితోనూ ఆరుతోనూ మూడుతోనూ పోతుందని ఇరవైనాలుగు ఎంచుకున్నాను. ఆ సంబరంలో మొత్తం కూడి చూసుకోవడం మరిచాను. భార్యకు మూడు, తల్లికి నాలుగు, తండ్రికి నాలుగు. కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండొంతులు, అంటే తలా ఎనిమిది. పెద్దకూతురికి ఇచ్చేసరికి చిన్నదానికి మిగిలింది ఐదే!

"సార్, మూడు గుంటలు పక్కోని చేన్లకెల్లి జరుపుకుందామా?" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా గొల్లుమంది.

టైలరు కూతురు లేచింది. "చిన్నబిడ్డ ఒక్కతే ఎందుకు నష్టపోవాలె సార్? అందరికీ జర జర తగ్గియ్యాలె. భూమిని ఇరవైయేడు పాళ్లు చెయ్యుండ్రి. మూడు, నాలుగు, నాలుగు, ఎనిమిది, ఎనిమిది. మౌల్వీ సాబ్ గిట్లనే చెప్పిండు."

రెండుసార్లు కూడి చూశాను. ఇరవైయేడే! ఉత్సాహం పట్టలేక సుద్దముక్క ఆమె చేతికిచ్చేశాను. ఆనాటినుంచి భిన్నాలన్నీ హిస్సాలతోనే చెప్పాను.

వారం తిరగకముందే టైలరు వచ్చాడు, మెడలో టేపుతో. "ఈద్ బట్టలు మీదపడ్డయి సారూ. ఇగ పరీక్షదాకా ఎందుకు? బిడ్డను తీస్కపోత."

పిల్ల అప్పుడు బోర్డు దగ్గరే ఉంది. సుద్దముక్క కింద పెట్టేసింది.

"తీసుకపోదువు గని, ముందు బిడ్డను ఒక్క లెక్క నువ్వే అడుగు" అన్నాను, బోర్డుమీద ఆ ఇరవైనాలుగు గుంటల లెక్క మళ్లీ రాసి, వారసులను చదివి వినిపించి.

ఆయన ఆ వారసులను వేళ్లమీద ఎంచాడు. "మరి గా సచ్చినోని తల్లి ముందే పోయి ఉంటే?"

"భార్యకు మూడు, తండ్రికి నాలుగు, బిడ్డలిద్దరికి పదహారు. ఇరవైమూడైనయి. ఒకటి మిగుల్తది. గది తండ్రికే పోతది అబ్బాజాన్, ఐదైతయి" అంది పిల్ల.

ఆయన టేపుమీద గుంటకో అంగుళం చొప్పున లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. నాలాంటివాడే! తర్వాత బెంచీ చివర కూర్చున్నాడు.

"ఈద్ పనికి మా తమ్ముణ్ణి పిలుచుకుంట సారూ. దీన్ని పరీక్ష రాయనియ్యుండ్రి" అని బిడ్డవైపు తిరిగాడు. "సరే గని, గిప్పుడు తండ్రి గూడ లేడనుకో. చెప్పు సూద్దాం!"