పచ్చ అంటే ఏ పచ్చ?

మా శాఖా గ్రంథాలయంలో కడుపు గురించి రాసిన పుస్తకాలు మూడున్నాయి. మూడూ చదివాను. ఏడో తరగతితో బడి మానేసినా, జీర్ణాశయం ఎక్కడ ముగుస్తుందో, చిన్నపేగు ఎక్కడ మొదలవుతుందో బొమ్మ గీసి చూపించగలను. కానీ కడుపులో బెలూన్ పెట్టించుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఆ మూడింటిలో ఒక్క ముక్క లేదు. రేపు ఇంకెవరైనా నాలాగే ఆ బీరువా ముందు నిలబడి వెతుక్కుంటారు. వాళ్ల కోసం, ముఖ్యంగా ఒక్క మాట కోసం, ఇది రాసిపెట్టక తప్పదు.

మాది మైపాడు. మా ఆయన పడవ మీద వేటకు వెళతాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మిషన్ ముందు కూర్చుని కూర్చుని నూటపది కిలోలకు వచ్చాను. షుగరు, మోకాళ్ల నొప్పులు, నాలుగడుగులకే ఆయాసం. బరువు తగ్గడానికి ఆపరేషన్ ఉందని నెల్లూరు డాక్టరుగారు చెబితే వద్దన్నాను. మా అమ్మ ఆపరేషన్ గదిలోకి నడిచి వెళ్లింది, తిరిగి నడిచి రాలేదు. అప్పటినుంచి కోత అంటే నాకు ప్రాణభయం. అప్పుడు డాక్టరుగారే బెలూన్ సంగతి చెప్పారు. నోట్లోంచి గొట్టంతో కడుపులోకి దించి, నీలం మందు కలిపిన సెలైన్‌తో నింపుతారు. ఆరు నెలలు ఉంచి మళ్లీ నోట్లోంచే తీసేస్తారు. కొంచెం తినగానే కడుపు నిండినట్టుంటుంది.

"నీలం ఎందుకండీ?" అని అడిగాను.

"చిల్లు పడితే తెలియడానికి. ఆ నీలం మూత్రంలో కనిపిస్తుంది. కనిపించిన వెంటనే రావాలి. చప్పబడిన బెలూన్ కిందికి జారి పేగుకు అడ్డం పడితే, ఇక కడుపు కొయ్యాల్సిందే."

బెలూన్ పెట్టించుకున్న మొదటి నాలుగు రోజులు మంచినీళ్లు కూడా కక్కాను. అది నయం. అసలు భయం తర్వాత మొదలైంది. రోజూ పొద్దున్నే తెల్ల మగ్గులో పట్టి, పెరటి వెలుతురులో చూసుకునేదాన్ని. నీలం లేదు. ఆ పూటకు బతికాను.

మా అత్త నవ్వేది. "వలకి బెండు కట్టినట్టు నీ కడుపుకి కట్టినారు గదమ్మే. ఇంక సముద్రంలో పడినా మునగవు."

మూడో నెలలో ఒక పొద్దున మగ్గులో రంగు మారింది. పచ్చ. ఆస్పత్రికి ఫోన్ చేస్తే నర్సమ్మ ఎత్తింది.

"ఒకటికి పచ్చగా వస్తా ఉందమ్మా."

"నీళ్లు తక్కువ తాగుంటారక్కా. బాగా తాగండి. నీలం కాదు గదా?"

"నీలం కాదు."

"అయితే భయం లేదు."

ఆ మాటను పట్టుకుని రోజంతా నీళ్లు తాగాను. అత్త కామెర్లని తేల్చేసి పసరు తెస్తానంది. వద్దన్నాను. కడుపులో గుడగుడ అన్నప్పుడల్లా పుస్తకంలోని బొమ్మ కళ్ల ముందుకొచ్చేది. జీర్ణాశయం అడుగున ఆ ఇరుకు దారి, దానివైపు ఏదో పాకుతున్నట్టు. అదురుకు జారుతుందేమోనని మిషన్ తొక్కడం మానేశాను. మర్నాటికి ఆ పచ్చ ఇంకా ముదిరింది.

అప్పుడే మా ఆయన వేటనుంచి వల భుజానేసుకుని వచ్చాడు.

"నీ పెళ్లానికి కామెర్లురా," అంది అత్త.

ఆయన నా కళ్లలోకి చూశాడు. "కళ్లు తెల్లగా ఉండాయి గదమ్మా. ఏం పచ్చమే? పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

ఆయన భుజం మీది నైలాన్ వల వైపు వేలు చూపించాను. "ఆ పచ్చ."

వల కింద పడేశాడు.

పసుపులో నీలం కలిస్తే ఆకుపచ్చ. గ్రంథాలయంలో పిల్లల బొమ్మల పుస్తకంలోనే చదివాను. దారపు రీళ్లు కొనేటప్పుడు చిలకపచ్చ, ముదురుపచ్చ అని షాపువాడితో పోట్లాడేదాన్ని. నా ప్రాణం దగ్గరికొచ్చేసరికి ఉత్త పచ్చ అన్నాను, నీలం కోసమే చూస్తూ కూర్చున్నాను.

ఆటోలో నెల్లూరు దాకా రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా జారిపోయిందనే అనుకున్నాను.

"బెండు గదమే, మునగదులే," అన్నాడాయన.

"చిల్లు పడిన బెండో?"



నర్సమ్మ మొహం పాలిపోయింది. "పచ్చ అంటే పసుపనుకున్నానక్కా!" మళ్లీ గొట్టం వేసి చూస్తామన్నారు. కడుపులోనే ఉంటే నోట్లోంచి తీస్తారట, దిగిపోయి ఉంటే కొయ్యాలట. ఏదైనా సరేనని సంతకం పెట్టాను. మత్తు ఎక్కేలోపు గుర్తున్నది మా అమ్మ నడిచి వెళ్లిన తలుపొక్కటే.

మెలకువ రాగానే చెయ్యి పొట్ట మీదికి పోయింది. ఇరవై ఏళ్లుగా కుడుతున్న చెయ్యి, కుట్టుంటే దానికి తెలుస్తుంది. పైనుంచి కిందికి తడిమాను, మళ్లీ తడిమాను. కుట్టు లేదు. గొంతు మాత్రం మండుతోంది. అప్పుడు ఏడ్చాను.

పదకొండు కిలోలు తగ్గాను. ఇంకో బెలూన్ పెట్టొచ్చంటున్నారు, ఇంకా ఔననలేదు. కడుపులో ఏమీ లేకపోయినా పొద్దున్నే ఆ మగ్గు వెలుతురులోకి పట్టుకెళుతూనే ఉన్నాను.

పేర్లు రాయొద్దని అందరూ అన్నారు కాబట్టి, చేసిన సాయాన్ని బట్టే దండాలు పెడతాను. సమయానికి తీసిన డాక్టరుగారికి. గతుకులు తప్పించి నడిపిన ఆటో అన్నకు. పసరు పట్టుకుని ఆస్పత్రి దాకా వచ్చిన అత్తకు. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా "ఏ పచ్చ?" అని అడుగుతున్న నర్సమ్మకు. ఆ మాట అందరికంటే ముందు అడిగిన, అక్షరం ముక్క రాని మా ఆయనకు.