మంచు కోటుకు తీసిన కొలత

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేశాక వచ్చిన మొదటి అక్టోబరులో నన్ను పిల్లల చలిబట్టల విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. బహ్రెయిన్‌లో, సీఫ్‌లోని ఒక మాల్లో క్రీడాసామగ్రి అమ్మే పెద్ద దుకాణం మాది. నా పైన ఫ్లోర్ మేనేజరు, నా కింద ఇద్దరు సేల్స్ అమ్మాయిలు. బయట చెమటలు కారుతుంటే ఏసీలో నిలబడి మంచు కోట్లు అమ్ముతావేమిటని మా తెలుగు చర్చిలో అందరూ నన్ను ఆటపట్టించేవారు. సెలవులకు జార్జియాకో స్విట్జర్లాండుకో వెళ్లే కుటుంబాలు ఈ దేశంలో చాలానే ఉన్నాయి. అక్టోబరులో దిగిన సరుకు జనవరికల్లా అమ్ముడుపోవాలి, ఆ తర్వాత అవే అరల్లోకి ఈతబట్టలు వచ్చేస్తాయి.

పిల్లలకు స్కీ బట్టలు ఎంచడం తల్లిదండ్రులు అనుకున్నంత తేలిక కాదు. వయసు చూసి కాదు, ఎత్తు కొలిచి ఇవ్వాలి. ఒంటిని అంటుకుని ఉండే లోపలి పొర, దాని మీద మెత్తటి ఫ్లీసు, పైన నీళ్లు దిగని కోటు. లోపల నూలు బనియను వేశారా, అది చెమటకు తడిసి ఆ తడే పిల్లను వణికిస్తుంది. చేతులు ముందుకు చాపినప్పుడు కోటు చెయ్యి సరిగ్గా మణికట్టు ఎముక మీద ఆగాలి. వదులైతే సందుల్లోంచి మంచు దూరుతుంది. "పెరిగే పిల్లలు, ఒక సైజు పెద్దది ఇవ్వండి" అన్న ప్రతి తల్లితోనూ నేను వాదన పెట్టుకునేదాన్ని. మొండిమనిషినని పేరు కూడా వచ్చింది.

ఒక శుక్రవారం లింబాద్రి వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి, హిద్‌లో షిప్‌యార్డు పని. ఎనిమిదో తరగతి చదివే కూతురు అక్షితను గురుకులం వాళ్లు హిమాలయాల్లో స్కీయింగ్ శిక్షణకు ఎంపిక చేశారట. స్కీలూ బూట్లూ అక్కడిస్తారు, చలిబట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. మూడేళ్లుగా ఆయన కూతుర్ని ఫోన్లోనే చూస్తున్నాడు. ఎంత ఎత్తుంటుందని అడిగితే తన ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. కాసేపాగి ఆ చేతిని కొంచెం పైకి జరిపాడు.

"పెద్దదే ఇయ్యి అక్కా. ఎదిగే పిల్ల. దుబాయి సామాను మావోళ్లు తెచ్చిన్నాడే తొడగరు," అన్నాడు. గల్ఫ్‌లో ఎక్కడినుంచి వెళ్లినా వాళ్ల ఊళ్లో అది దుబాయి సామానే.

నేను ఒప్పుకుంటేనా. దసరా సెలవులు కాబట్టి పిల్ల ఇంట్లోనే ఉంది, వీడియో కాల్ చేయించాను. పక్కింట్లో జాకెట్లు కుట్టే ఆమె దగ్గర టేపు తెచ్చి, తల్లి అక్షితను గోడకు నిలబెట్టింది. చేతులు చాపమని, ముందుకు వంగమని నేను ఇక్కడినుంచి చెబుతుంటే ఆ పిల్ల సిగ్గుపడుతూనే అన్నీ చేసింది. చివర్లో తండ్రిని ఒకటే అడిగింది.

"డాడీ, మంచు మీద పడితే నొస్తదా?"

లింబాద్రి నా వైపు చూశాడు. నేనూ ఎన్నడూ మంచు చూసినదాన్ని కాదు. అయినా నొప్పి ఉండదని చెప్పాను. మంచులో దూరం నుంచి కూడా కనిపించేలా నారింజరంగు కోటూ దానికి జత ప్యాంటూ ఎంచి, కొలతకు సరిగ్గా సరిపోయే సైజే కట్టించాను. ఊరికి వెళుతున్న ఒకాయన చేత లింబాద్రి వాటిని పంపించాడు.

ఆ ఏడు మంచు సరిగా పడక శిక్షణ మరుసటి చలికాలానికి వాయిదా పడింది. ఎంపికైన పేర్లు మారవన్నారు. ఇక్కడినుంచి వెళ్లిన వస్తువును సందర్భం వచ్చేదాకా కవరు విప్పకుండా దాచుకోవడం ఆ ఊళ్లలో ఇంటింటా ఉన్న అలవాటే. మాసిపోతుందని తల్లి ఆ కోటును బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడాదిపాటు పిల్లను ముట్టుకోనివ్వలేదు.

కవరు విప్పింది ప్రయాణానికి ముందు రోజు, హాస్టల్లో సామాను తనిఖీ చేసేటప్పుడు. కోటు చేతులు మణికట్టుకు నాలుగు వేళ్ల పైనే ఆగిపోయాయి. జిప్పు పైకి రాలేదు. ప్యాంటు చీలమండల దాకా అందలేదు. చలిబట్టలు సరిపోని పిల్లను తీసుకెళ్లేది లేదని వెంట వెళ్లే సారు చెప్పేశారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని. వరసలో తర్వాతి పేరు పిలిచారు. ఆ పిల్ల పొట్టిది, వెళ్తాననుకోలేదు కాబట్టి ఆమెకు బట్టలు లేవు. అక్షితే కోటు విప్పి ఆ పిల్లకు ఇచ్చిందట. వచ్చే ఏడు తనకు పదో తరగతి. పదో తరగతి వాళ్లను పంపరు.

ఫిబ్రవరిలో లింబాద్రి దుకాణానికి వచ్చాడు. అప్పటికే అరల్లో ఈతబట్టలు సర్దేశాం. ఏమీ కొనడానికి రాలేదు. జరిగిందంతా చెప్పి, స్కూలు వాళ్లు పంపిన ఫొటో ఫోన్లో చూపించాడు. తెల్లటి మంచులో నారింజరంగు కోటు వేసుకుని ఎవరో పిల్ల చేతులు ముందుకు చాపి నవ్వుతోంది. అలవాటు కొద్దీ నా కళ్లు ముందు కోటు చేతి మీదికే వెళ్లాయి. సరిగ్గా మణికట్టు ఎముక మీద ఆగింది. అంత చక్కగా అమరిన కోటును నా ఉద్యోగం మొత్తంలో అరుదుగా చూశాను.

"నేను పెద్దదే అడిగిన గదక్కా," అన్నాడు లింబాద్రి.

కోపంగా అనలేదు. ఇప్పుడు బిడ్డ ఫోన్‌లో మాట్లాడడం లేదని, తల్లి చేతికిస్తే ఊఁ అని తిరిగి ఇచ్చేస్తోందని చెప్పాడు. డ్యూటీలో ఉన్నానని గుర్తుచేసుకుని ఆయన్ను తలుపు దాకా సాగనంపాను.

ఆ తర్వాత ఇంకో సీజను పనిచేసి రిటైరయ్యాను. ఆ సీజనంతా పిల్లల బట్టలకు ఎవరొచ్చినా, ఎత్తు అడిగే ముందు ఎప్పుడు తొడుగుతారని అడిగేదాన్ని. సెలవులకు వెళ్లే కుటుంబాలు విమానం తేదీ చెప్పేవి. కార్మికుల క్యాంపుల నుంచి వచ్చే తండ్రులు ఏమీ చెప్పలేకపోయేవారు. కొలత తియ్యాల్సింది కొనే రోజుకు కాదు, తొడిగే రోజుకు. ఆ రోజు ఎప్పుడో తెలియని మనిషికి సరైన సైజు నా అరల్లో లేదు. ఏ దుకాణంలోనూ ఉండదు.