రబ్బరు మూతల సిపాయిలు

అది 1963 వేసవి. మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో, మగవాళ్ల వార్డులో నేను డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే పుండ్లు కడిగి కట్లు కట్టేవాడు. డాక్టరు చూసి వెళ్లిపోతాడు, నర్సమ్మ మందు ఇస్తుంది, తిట్లు తినేది మాత్రం డ్రెస్సరే. పుండుకు అంటుకుపోయిన గుడ్డను ఊడదీసేది మేమే కదా.

ఆ మండే ఎండల్లో మా దగ్గరికి మంచుకు దెబ్బతిన్న కాలొకటి వచ్చింది. మనిషి పేరు విఠల్. నారాయణపేటలో చీరలు నేసే ఇంటి అబ్బాయి, ఫౌజులో సిపాయి. చైనా యుద్ధంలో కొండ మీద ఒక పోస్టులో, అంటే సరిహద్దు కాపలా చోట ఉన్నాడు. చలికి నెత్తురు ఆడక కుడికాలి వేళ్లు చచ్చుబడితే తీసేశారు. దీన్ని ఫ్రాస్ట్‌బైట్ అంటారు. మిలిటరీ దవాఖాన వాళ్లు నయం చేసి ఇంటికి పంపితే, ఇతను మా ఊళ్లోనే బస్సు దిగి కిరాయి గదిలో ఉండిపోయాడు. పుండు తిరగబెట్టాక మా వార్డుకు వచ్చాడు. పేట, అదే నారాయణపేట, ఎంతో దూరం కాదు. అయినా ఇంటికి కబురు పెట్టొద్దన్నాడు.

మా చేతుల్లో పుండు మానుతూ వచ్చింది. కాలు మాత్రం కింద పెట్టడు. "లే విఠల్, గోడ పట్టుకొని జర నడువు" అంటే, "నడిచి యాడికి పోవాలె భాయ్?" అనేవాడు. ఇలాగే పడుకుంటే కీలు బిగుసుకుపోతుందని, ఆ తర్వాత కావాలన్నా నడవలేడని డాక్టరు సాబ్ గట్టిగానే చెప్పాడు. నాకు అతని మీద కోపమూ వచ్చేది, ప్రేమా వచ్చేది.

రోజూ పొద్దున అతని కాలును పుండు కడిగే గోరువెచ్చని పొటాష్ నీళ్లలో నాననివ్వాలి. ఆ కాసేపు ఊరికే కూర్చోలేక పలక మీద పులి–మేక గీసి ఆడేవాళ్లం. ఒకరోజు అతను ఎత్తు వేయకుండా పలకనే చూస్తూ, "మా పోస్టు కూడ గిట్లనే ఉండె" అన్నాడు. "ఎట్ల?" అన్నాను. గీసి చూపించడానికి పలక చాలలేదు. అలా మొదలైంది మా ఆట.

పాత రబ్బరు షీటు ఒకటి స్టూలు మీద పరిచాం. మిగిలిపోయిన ప్లాస్టర్ పిండి తడిపి కొండలు చేశాం. కట్టుకు వాడే పిండే అయినా అచ్చం మంచుకొండల్లాగే తెల్లగా నిలబడ్డాయి. నీలి మందుతో వాగు, ఎర్ర మందుతో కాలిబాట గీసి, అంతటా గళ్లు కొట్టాం. పెన్సిలిన్ సీసాల రబ్బరు మూతలు మన సిపాయిలు. అవతలివాళ్లకు చింతగింజలు, ఎన్ని కావాలంటే అన్ని. ఎన్ని గళ్లు జరపాలో చెప్పడానికి గవ్వలు.

కాయిదాలన్నీ, అంటే ఆట నియమాలన్నీ, విఠల్‌వే. మంచు గడిలో గవ్వలెంత పడ్డా ఒక్క గడే జరగాలి. కొండ చాటున ఉన్నవాణ్ణి కొట్టరాదు. తూటాలకు బదులు అగ్గిపుల్లలు, అవి అయిపోతే అంతే. ఒకనాడు రెండు మూతల్ని కట్టుదారంతో కలిపి కట్టాడు. "వీడు దెబ్బ తాకినోడు. వీడు మోసుకపోయేటోడు. మోసేటోడు తుపాకి కాల్చరాదు" అన్నాడు.

"ఆ మోసేటోడు నువ్వేనా?" అన్నాను.

తలూపాడు. దెబ్బ తిన్న సిపాయిని కిందికి చేర్చమని హవల్దారు హుకుం ఇస్తే భుజాన వేసుకొని దిగాడట. ఆ సిపాయి బతికాడు. పైన ఉన్నవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు. "నేనుంటే ఇంకొక తుపాకి ఉండేది భాయ్. ఇంటికి పొయ్యి ఏ మొకం చూపియ్యాలె?"

నేను గడుసుతనానికి పోయి, ఆ రెండు మూతల దారం విప్పి, రెండింటినీ పోస్టులోనే ఉంచి ఆడించాను. అయినా పోస్టు పోయింది. చూశావా అన్నట్టు అతని వైపు చూశాను. "నన్ను ఓదార్చనీకె ఆడకు ఖాదర్ భాయ్" అని దారం మళ్లీ కట్టుకున్నాడు. ఆ ఆటలో చిన్న పక్షం, అంటే మూతల పక్షం, ఎప్పుడూ ఓడేది. పోస్టు పోతే ఓటమి అన్నదే కాయిదా. వార్డులో ఆడటానికి వచ్చిన వాళ్లంతా చింతగింజలే అడిగేవాళ్లు.

చీరల కోసం పేటకు పోయే ఒక సేటు చేత నేను కబురంపాను. వద్దన్నాడని ఊరుకుంటే నేనేం మనిషిని?

విఠల్ నాయిన నాగప్ప వచ్చాడు. సన్నటి మనిషి, మగ్గం ముందు కూర్చొని కూర్చొని వంగిన వీపు. కొడుకు మొహం గోడకు తిప్పుకున్నాడు. ఆయన వేళ్లు లేని ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకొని, భుజం మీది రుమాలు కప్పి కూర్చున్నాడు. నాకు అక్కడ నిలబడటం కష్టమైంది.

ఆయన చూపు స్టూలు మీద పడింది. "గిదేంది, పచ్చీసా?"

"యుద్ధం నాయినా" అన్నాడు విఠల్, గోడకే చెబుతున్నట్టు.

"గవ్వలున్నయి గద. నేను గూడ ఏస్త."

ఎవరూ కోరని రబ్బరు మూతల్నే ఆయన తీసుకున్నాడు. విఠల్ ఒక్కొక్క కాయిదా చెప్పాడు, ఆయన శ్రద్ధగా విన్నాడు. గవ్వలు వేసి, దారంతో కట్టిన ఆ జంటను పట్టుకున్నాడు. ఇక దాన్ని వదల్లేదు. మంచు గళ్లలో ఒక్కొక్క గడే జరుపుతూ కిందికి తెస్తున్నాడు.

"నాయినా, గట్ల గాదు. పోస్టు పోతాంది."

"పోనీ."

జంట షీటు అంచుకు చేరింది. పచ్చీసులో కాయ ఇంటికి చేరినప్పుడు అన్నట్టే "పండింది" అని, రెండు మూతల్నీ తీసి రొండిన దోపుకున్నాడు. "నీ ఆటల గెలుపు యాడున్నదో నాకెర్క లేదు బిడ్డా. నాకు గిదే గెలుపు."

విఠల్ పోస్టు వైపు చూపించాడు. "మరి కొండ మీద ఉన్నోళ్ల నాయినలకు?"

ముసలాయన పోస్టులో మిగిలిన మూతల్ని ఒక్కొక్కటే తీసి కొడుకు అరచేతిలో పెట్టాడు. "వీళ్ల పేర్లు చెప్పు" అన్నాడు.

విఠల్ చెప్పాడు. ఎవరిది ఏ ఊరో, ఎవరు రొట్టెలు మాడ్చేవారో, ఎవరు గురక పెట్టేవారో. చెబుతూ ఏడ్చాడు, మధ్యలో నవ్వాడు కూడా. నాగప్ప ప్రతి పేరునూ ఒకసారి తన నోటితో అన్నాడు. చివర్న, "నిన్ను కన్న మీ అవ్వకు గింత బాగ చెప్పలేను నేను. నువ్వే వచ్చి చెప్పాలె" అన్నాడు.

విఠల్ మంచం దిగాడు. ఒక చెయ్యి తండ్రి భుజం మీద, ఒక చెయ్యి నా మీద. బూటు ముందు భాగంలో దూది కూరి ఇచ్చాను. మర్నాటి నుంచి వరండాలో నడక నేర్చుకున్నాడు. తర్వాత పేట బస్సెక్కాడు. ఆ రెండు మూతల్ని మాత్రం ముసలాయన తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.

పోయేముందు విఠల్ గెలుపు కాయిదా మార్చాడు. ఇంటికి చేరిన ప్రతి మూతా చిన్న పక్షానికి గెలుపే. వార్డులో ఇక అందరూ రబ్బరు మూతలే అడిగారు.

అంతవరకు నేను కట్టు విప్పుతూ, ఈ దెబ్బ ఎట్ల తగిలిందని అడిగేవాణ్ణి. ఆ తర్వాత, ఇంటి దగ్గర నీకోసం ఎదురుచూసేదెవరని అడగడం మొదలుపెట్టాను.