ఎస్తేరు పిన్ని మహాగని గిటారు

నేను ఐదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతున్న ఎండాకాలం... పర్చూరులో బస్సు ఆగగానే మా ఎస్తేరు పిన్ని మొదట ఓ పొడవాటి నల్ల సంచిని జాగ్రత్తగా దించి, ఆ తర్వాత తను దిగింది.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. గుంటూరులో కొత్తగా టీచరుగా చేరింది. సంచిలో ఏముందో దారిలో చెప్పమంటే చెప్పదు... ఇంటికొచ్చి మంచం మీద పెట్టి జిప్పు లాగితే, గిటారు! మా వీధిలో అప్పటిదాకా గిటారును అంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు.

పెద్ద మెరుపేమీ లేదు దానికి. బాగా మాగిన పొగాకు రంగు. ముందు పలక, వెనక పలక, పక్కలు... అన్నీ మహాగని చెక్కేనని పిన్ని చెప్పింది. ఆ మాట వినడం నాకదే మొదలు. మహాగని... మహాగని... అనుకుంటూ సాయంత్రమంతా ఇల్లంతా తిరిగాను.

పిన్ని ఒక్కసారి తీగలన్నీ మీటింది. గిటారుకు ఆనుకుని ఉన్న నా మోకాలు జిల్లుమంది! ఖాళీ కుండలో నోరు పెట్టి మాట్లాడితే గొంతు గుండ్రంగా వస్తుంది చూడండి... అలాంటి శబ్దం. గలగలలు లేవు. మెత్తగా, వెచ్చగా గదంతా నిండి, నెమ్మదిగా తగ్గింది. "ఇంకోసారి పిన్నీ..." అని ఎన్నిసార్లు అడిగానో.

అసలు సంగతి ఏమిటంటే, మా చర్చిలో అప్పటిదాకా డోలక్, హార్మోనియం మగవాళ్ళే వాయించేవాళ్ళు. ఆడవాళ్ళు పాడటం వరకే. పిన్ని పట్టుబట్టి అడిగితే, సంఘపెద్ద గారు సరే, వచ్చే ఆదివారం ఒక్క పాటకు చూద్దాం అన్నారట. ఆ ఒక్క పాట కోసమే పిన్ని సెలవుల్లో గిటారు మోసుకొచ్చింది.

సోమవారం పిన్ని చీరాల వెళ్ళింది. ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి వెళ్ళింది... నేను ఆగితేనా! మిరపకాయలు ఆరబోసిన కల్లంలో నా స్నేహితురాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళకు చూపించాలి కదా. తీసుకెళ్ళి పందిరి నీడలో మంచం మీద పెట్టాను. తలా ఒకసారి మీటారు, చెవులు ఆనించి నవ్వుకున్నారు. తర్వాత ఆటలో పడ్డాం... నీడ జరిగిపోయి గిటారు మీద ఎండ పడింది.

టప్‌మని చప్పుడు. పరిగెత్తి చూస్తే, తీగల్ని పట్టి ఉంచే చెక్కముక్క పలక మీంచి ఊడి లేచిపోయింది. తీగలన్నీ వేలాడుతున్నాయి. వేడికి జిగురు వదిలేసిందని అప్పుడు నాకేం తెలుసు... చంపేశాననుకున్నాను.

సాయంత్రం పిన్ని వచ్చాక అంతా చెప్పేశాను. తిట్టలేదు. ఆ చెక్కముక్కను తిప్పి తిప్పి చూసింది. నాన్న రెండు మేకులు కొడితే సరిపోతుంది అన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని మస్తాన్ బాబాయ్ దగ్గరికి నడిచింది.

మస్తాన్ బాబాయ్ మా ఊళ్ళో వడ్రంగి. తలుపులు, మంచాలు చేసేవాడు. గిటారు పట్టుకోవడం ఆయనకూ అదే మొదటిసారి. నాన్న చెప్పిన మేకుల సంగతి పిన్ని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"మేకు కొడితే నిలబడుద్ది టీచరమ్మా... మోగదు."

వాళ్ళ నాన్న దూది ఏకేవాడట. దూది ఏకే వింటికి నరం బిగించి మీటి, సరైన బిగువు వచ్చిందో లేదో చెవితోనే చెప్పడం చిన్నప్పుడే నేర్చుకున్నానన్నాడు. గిటారును వెనక్కి తిప్పి వేలితో అక్కడక్కడా తట్టి విన్నాడు. నన్నూ చెవి పెట్టమన్నాడు. మధ్యలో ఒకలా, అంచున ఒకలా! తర్వాత గుండ్రటి రంధ్రంలోకి టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి లోపల చూపించాడు. పలక అడుగున సన్నటి పుల్లలు, పక్కటెముకల్లా అతికించి ఉన్నాయి.

"ఇంత పల్చటి చెక్క... తీగలు లాగే లాగుడంతా ఈ పుల్లలే మోస్తన్నయ్యి పాపా."

నాకు ఒళ్ళు పులకరించింది. శబ్దం పుట్టే ఇల్లు చూసినట్టే ఉంది!

పాత జిగురంతా ఓపిగ్గా గీకాడు. కొత్త బంక కాచి పూశాడు. లోపల నుంచి చెక్కతో ఆపు పెట్టి, పైన బరువుకు ఇసుక మూట పెట్టాడు. శనివారం దాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ఈసారి ముట్టుకోలేదు... కానీ రోజూ వెళ్ళి దాని ఎదురుగా కూర్చునేదాన్ని.

శనివారం పిన్ని ఒక్కో తీగే బిగిస్తుంటే ఊపిరి బిగబట్టుకున్నాం. ఆరో తీగ కూడా బిగిసింది... చెక్క కదల్లేదు. పిన్ని మీటింది. అదే శబ్దం, మెత్తగా, వెచ్చగా! మస్తాన్ బాబాయ్ వెనక పలకకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మా నాయన విల్లు ఇంత మర్యాదగా మోగేది కాదు అన్నాడు.

ఆదివారం పిన్ని వాయించింది. రెండో చరణానికి ఆడవాళ్ళందరి గొంతులూ దానితో కలిశాయి. మస్తాన్ బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయట కిటికీ దగ్గర నిలబడి, పాట అయ్యేదాకా విని వెళ్ళిపోయాడు. ప్రార్థన అయ్యాక సంఘపెద్ద గారు పిన్ని దగ్గరికి వచ్చి, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం గిటారు తెమ్మన్నారు. ఆ క్షణంలో పిన్ని మొహం నేను ఎప్పటికీ మర్చిపోను.

మస్తాన్ బాబాయ్ ఇప్పుడు లేడు. చర్చిలో ఇప్పుడు ముగ్గురు ఆడపిల్లలు గిటార్లు వాయిస్తారు, చూస్తే కడుపు నిండిపోతుంది. కాకపోతే అన్నిటికీ వైర్లు, గోడంత స్పీకర్లు... చెక్క గొంతు వినాలంటే కరెంటు పోవాలి.

మీ ఇంట్లో మొట్టమొదట ఓ వాద్యం చేతిలోకి తీసుకున్న ఆడమనిషి ఎవరు? ఆమె పేరు, ఊరి పేరుతో సహా కింద రాయండి... చదవాలని ఉంది.