చిక్కుదారికి ఇల్లరికం వెళ్లిన వీరులు

బామ్మర్ది తెచ్చిన అసలు సిసలు ఆటను ఇంటిల్లిపాది ముందు నకిలీదని తేల్చిన ఘనత నాది. అప్పట్లో నేను భద్రాచలంలో అత్తగారింట్లో ఇల్లరికం. ఆ ఇంట్లో నాకున్న ఏకైక స్థిరాస్తి, అల్లుడికి కంప్యూటర్లు తెలుసన్న పేరు. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే దాన్నీ చేజేతులా పోగొట్టుకున్నాను.

ఓడల్లో పనిచేసే స్నేహితుడొకడు బామ్మర్దికి అరచేతిలో ఇమిడే జపాన్ ఆట యంత్రాలు రెండిచ్చాడు. ఒకటి వాడికి, ఒకటి నాకు. తెర మీద పిల్లల కార్టూన్లో నేనెరిగిన జంతువే ఉంది. కానీ బంతిలోంచి దూకి పోట్లాడాల్సింది, ఏదో నేలమాళిగలో దారి వెతుక్కుంటోంది. పైగా దిగిన ప్రతిసారీ దారులు మారిపోతున్నాయి. ఒక ఆటలోని బొమ్మను ఇంకో ఆటలో అతికించి అమ్మే ఖమ్మం చవక వీడియో గేమ్ క్యాసెట్ల మీద పెరిగినవాణ్ణి, ఇంకేం ఆలోచిస్తాను?

"డూప్లికేట్‌ది. వాపస్ ఇచ్చెయ్" అన్నాను.

వాడు నిజంగానే తీసుకెళ్లాడు. ఆ స్నేహితుడు పడీపడీ నవ్వి, అది రెండు కంపెనీలు కూర్చుని కలిపిన ఆటేనని చెప్పి తిప్పి పంపాడు.

"ఏంది బావా, పెద్దలు ఒప్పుకొని చేసిన లగ్గాన్ని లేసిపోయిన కేసంటివి?"

మామగారు చాయ్ గ్లాసు చాటున నవ్వుకున్నారు. ఆనాటి నుంచి ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా, "బావకు జూపియ్యిండ్రి, అసలుదో కాదో చెప్తడు" అనడమే.

పోయిన పరువు కోసం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఈ చిక్కుదారి ఆటల వంశం తవ్వాను. ఈ ఆటల ఇంటికి మొట్టమొదట వచ్చినవాడు బొజ్జ ఉన్న ఒక వ్యాపారి. అంతకుముందు వేరే పెద్ద ఆటలో కొట్టు చూసుకునేవాడు. ఈ ఆటల కోసమే కల్పించిన సొంత బిడ్డ, ఊళ్లు తిరిగే బాటసారి ఒకడు, తర్వాత గానీ పుట్టలేదు. అంటే కొడుకు కంటే ముందే ఇల్లరికపుటల్లుడు దిగాడు! ఆపైన ఇంకో ఆటల వంశం నుంచి స్వారీకి పనికొచ్చే పసుప్పచ్చ పక్షి, ఆ వెనక మా యంత్రంలోని జంతువులు. సొంతింట్లో ఎంత మొనగాడైనా ఇక్కడ పడిపోతే సంచి ఖాళీ. చదువుతుంటే ఎవరో నా గురించే రాసినట్టుంది.

భోజనాల దగ్గర ఈ చరిత్ర పక్షి దాకా చెప్పానో లేదో, "అయితే నువ్వు వ్యాపారివా, పక్షివా బావా?" అన్నాడు బామ్మర్ది.

"ఆయన పొట్ట జూస్తే ఎరుకైతలేదారా?" అంది మా ఆవిడ. చరిత్ర అక్కడితో ఆగిపోయింది.

ఎండాకాలంలో వాడికి చర్లలో ఉద్యోగం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఫోన్.

"బావా, జల్దీ! లోపల పడిపోయిన. నువ్వొచ్చి లేపకుంటే సంచిలదంతా పోతది."

ఆ ఆటలో అంతే: పడ్డవాడి తెర మీద వచ్చే అక్షరాల సంకేతాన్ని మరొకరు తమ యంత్రంలో కొట్టి, అక్కడిదాకా దిగి లేపాలి. తర్వాత ఇటునుంచి ఇంకో సంకేతం చెప్పాలి. అప్పుడే వాడు లేస్తాడు. వాడు చెప్పింది రాసుకుని, చెమటోడ్చి దిగి, లేపి, ఫోన్ చేశాను.

"అయిపోయిందా? చెప్పు బావా, సిగ్నల్ కోసం డాబా మీద నిలబడ్డ. కాళ్లు కాలుతున్నయ్."

"చెప్తా. ముందు చరిత్ర విను. నడుమ నవ్వితే మళ్లీ మొదటి నుంచి."

వ్యాపారి దాకా బుద్ధిగా విన్నాడు. బాటసారి దగ్గర కిసుక్కుమన్నాడు.

మళ్లీ వ్యాపారి దగ్గర మొదలుపెట్టాను.